పోలీసుల మీద పరిశోధన చెయ్యాలంటే పోలీసై ఉండాలా? 37 ఏళ్ల సర్వీసు తర్వాత నా సమాధానం

మీ ప్రశ్న ఇదీ: సోషియాలజీలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నారు. నాన్నగారు హెడ్ కానిస్టేబుల్. పోలీస్ స్టేషన్ల పనితీరు మీద పీహెచ్‌డీ చెయ్యాలని ఉందంటే మీ గైడు గారు, "అది ఐపీఎస్‌లు రిటైరయ్యాక రాసుకునే సబ్జెక్టు, లేదా ఫారిన్ యూనివర్సిటీల వాళ్లు చేసేది, నీకు లోపలికి దారి దొరకదు" అన్నారు. అసలు పోలీసు శాఖల్ని నడిపినవాళ్లు, వాటిని అధ్యయనం చేసినవాళ్లు ఏ చదువుల నుంచి, ఏ వృత్తుల నుంచి వచ్చారని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పోలీసై ఉండక్కర్లేదు. ఈ రంగంలో గట్టి పని చేసినవాళ్లలో చాలామంది ఒక్కరోజు కూడా యూనిఫాం వేసుకోలేదు. పోలీసు పెద్దల్లోనూ సైనికులు, లాయర్లు, పోస్ట్‌మ్యాన్, పశువైద్యులు, ఇంజనీర్లు, లెక్చరర్లు, అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. అయితే నేను చూసినంతలో ఏం చదివి వచ్చారన్నదానికంటే ఏ గుమ్మంలోంచి లోపలికి వచ్చారన్నదే వాళ్ల చూపుని ఎక్కువగా తేల్చింది. పరిశోధకుల విషయంలోనూ అంతే. మీ గైడు గారి మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంత మీ పనికి అడ్డం పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో. బోటనీ డిగ్రీ చేసి 1985లో డైరెక్ట్ ఎస్సైగా చేరాను. ఉద్యోగంలో ఉండగానే సాయంత్రం కాలేజీలో లా చదివాను. 2022లో అడిషనల్ ఎస్పీగా రిటైరయ్యాను. మధ్యలో ఆరేళ్లు ట్రైనింగ్ కాలేజీలో కొత్త ఎస్సైలకి దర్యాప్తు పాఠాలు చెప్పాను. పరిశోధన కోసం వచ్చిన విద్యార్థులు తగిలింది ఆ ఆరేళ్లలోనే, పదిమంది దాకా ఉంటారు.

మీకు ఇంట్లో తెలిసిన సంగతే అయినా గుమ్మాల గురించి చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో దీన్ని ఒక పేరాలో దాటేస్తారు. మన రాష్ట్రాల్లో పోలీసు శాఖలోకి నాలుగు దారులు. ఇంటర్‌తో కానిస్టేబుల్, డిగ్రీతో ఎస్సై, గ్రూప్-1తో డీఎస్పీ, సివిల్స్‌తో ఐపీఎస్. రాష్ట్ర పోలీసు బలగాల్లో నూటికి 85 మందికి పైగా కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే. వాళ్లలో ఎక్కువమంది ఏఎస్సై దాటకుండానే రిటైరవుతారు. నేను ఎస్సై నుంచి సీఐ కావడానికి 11 ఏళ్లు పట్టింది. ఐపీఎస్‌లో మూడోవంతు పోస్టులు రాష్ట్ర సర్వీసు వాళ్లకి ప్రమోషన్ మీద వస్తాయి, కానీ అవి అందేసరికి జుట్టు నెరుస్తుంది. ఈ లోపల 26 ఏళ్ల ఏఎస్పీ వచ్చి 52 ఏళ్ల సీఐకి పైఅధికారి అవుతాడు. తప్పు ఎవరిదీ కాదు, ఏర్పాటే అలాంటిది. ఈ ఏర్పాటు పాతది కూడా. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ కమిషన్ చదువుకున్నవాళ్లని నేరుగా ఎస్సైలుగా తీసుకోవాలనీ, భారతీయుల కోసం డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టులు పెట్టాలనీ సిఫార్సు చేసింది. మన నాలుగు గుమ్మాల్లో రెండిటికి పునాది అక్కడ పడింది.

ఇంగ్లండులో గుమ్మం చాలాకాలంగా దాదాపు ఒకటే, కానిస్టేబుల్‌గా చేరాలి. 2022లో లండన్ మెట్రోపాలిటన్ పోలీస్ కమిషనర్ అయిన మార్క్ రౌలీ కేంబ్రిడ్జిలో లెక్కలు చదివి, 1987లో వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో కానిస్టేబుల్‌గా చేరాడు. అదే మనిషి మన దేశంలో పుట్టి ఉంటే సివిల్స్ రాసి నేరుగా ఏఎస్పీ అయ్యేవాడు, బీటు తిరిగేవాడు కాదు. అలాగని అక్కడ మొదటినుంచీ ఇలా ఉందనుకోకండి. 1829లో ఆ సంస్థని పెట్టినప్పుడు దానికి ఇద్దరు కమిషనర్లు. చార్లెస్ రోవాన్ సైనికాధికారి, రిచర్డ్ మేన్ లాయరు. ఇద్దరిలో ఒక్కరూ పోలీసు కాదు, కాలేరు కూడా, అప్పటికి అలాంటి పోలీసే లేదు కదా. ఆ తర్వాత కూడా పై కుర్చీలోకి సైన్యం నుంచో, సివిల్ సర్వీసు నుంచో మనుషులు వచ్చారు. మామూలు కానిస్టేబుల్‌గా చేరి కమిషనర్ అయిన మొదటివాడు జోసెఫ్ సింప్సన్, 1958లో. అంటే 129 ఏళ్లు పట్టింది.

ఆ కమిషనర్లలో ఒకరి కథ మన దేశానిది. ట్రైనింగ్ కాలేజీలో ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి. ఎడ్వర్డ్ హెన్రీ బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు ఐసీఎస్ మనిషి, బెంగాల్ పోలీసుకి ఐజీ. వేలిముద్రలని వర్గీకరించే పద్ధతి కావాలి. వేల కార్డుల్లోంచి ఒక మనిషి కార్డుని నిమిషాల్లో వెతికి తియ్యాలి. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల్లో చురుకైన కుర్రాడు కావాలని అడిగి, అజీజుల్ హక్‌ని ఎస్సైగా తీసుకున్నాడు. పది వేళ్ల ముద్రల ఆకారాన్ని బట్టి అంకెలు వేసి, 32 వరసలు 32 నిలువులుగా 1,024 గూళ్లలో కార్డులు సర్దే లెక్క తేలింది. హేమచంద్ర బోస్ ఆ సంకేతాలని టెలిగ్రాఫులో పంపే పద్ధతి తయారుచేశాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది, ప్రపంచంలోనే మొదటిది. హెన్రీ తర్వాత లండన్ వెళ్లి 1903 నుంచి 1918 దాకా కమిషనర్‌గా చేశాడు. పద్ధతికి మాత్రం ప్రపంచమంతా ఆయన పేరే ఉంది. హక్, బోస్ చేసిన పని చాలా ఏళ్ల తర్వాతగానీ బయటికి రాలేదు. పై గుమ్మంలోంచి వచ్చినవాడి పేరు నిలిచింది, కింది గుమ్మంలోంచి వచ్చినవాడి లెక్క నిలిచింది. పోలీసు విజ్ఞానంలో ఇది ఒక్కసారి జరిగిన సంగతి కాదు, అందుకే మీకు చెప్తున్నాను.

చదువు లేకపోయినా పెద్దవాడైన మనిషి కావాలంటే అమెరికాలో ఆగస్ట్ వోల్మర్. ప్రాథమిక బడి చదువే. ఫిలిప్పీన్స్‌లో సైనికుడిగా పనిచేసి, బర్కిలీలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. 1905లో అదే ఊరికి మార్షల్‌గా ఎన్నికయ్యాడు, 1909 నుంచి 1932 దాకా అక్కడి పోలీసు చీఫ్. ఊళ్లో ప్రతి గడపా తెలిసిన మనిషి. ఆ చీఫే తన పోలీసులని యూనివర్సిటీకి పంపించాడు. ఫిజియాలజీలో డాక్టరేట్ ఉన్న జాన్ లార్సన్‌ని పోలీసుగా చేర్చుకున్నాడు, ఆ లార్సన్ 1921లో అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్ యంత్రం చేశాడు. చివరికి వోల్మర్ తనే ప్రొఫెసర్ అయ్యాడు. డిగ్రీలు లేని మనిషి చదువుని పోలీసులోకి తెచ్చాడు. ఆయన శిష్యుడు ఓ.డబ్ల్యూ.విల్సన్ బర్కిలీలో క్రిమినాలజీ డీన్‌గా చేసి, 1960లో షికాగో పోలీసు సూపరింటెండెంట్ అయ్యాడు. క్లాసు గది నుంచి కంట్రోల్ రూముకి అంత సులువుగా నడిచి వెళ్లడం మన దగ్గర నేను చూడలేదు. చూడాలని చాలా కోరిక ఉండేది.

ఇక మన ఐపీఎస్‌ల చదువులు. ఈ మధ్య బ్యాచ్‌ల్లో సగానికి పైగా ఇంజనీర్లే. సీబీఐలో జాయింట్ డైరెక్టర్‌గా, జేడీగా తెలుగువాళ్లందరికీ తెలిసిన వి.వి.లక్ష్మీనారాయణ వరంగల్లో మెకానికల్ చదివి, మద్రాసు ఐఐటీలో ఎంటెక్ చేశారు. గురుకులాలు నడిపిన ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ చదివింది పశువైద్యం. 1972లో మొదటి మహిళా ఐపీఎస్ అయిన కిరణ్ బేడీ అంతకుముందు అమృత్‌సర్‌లో కాలేజీ లెక్చరర్, సర్వీసులో ఉండగానే ఢిల్లీ ఐఐటీ నుంచి పీహెచ్‌డీ చేశారు.

ఈ చదువులు పనికొస్తాయా అంటే, ఒక్కోసారి మనం ఊహించని చోట పనికొస్తాయి. నేను సీఐగా ఉన్న చోటికి అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన ఏఎస్పీ వచ్చాడు. మా సర్కిల్లో బోరు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ తెగ పోయేవి. మేము గ్యాంగుల కోసం వెతుకుతున్నాం, పాత నేరస్తులని పిలిపిస్తున్నాం. ఆయన మాత్రం ఏ మండలంలో వేరుశెనగ ఎప్పుడు పీకుతారు, రెండో పంట ఎక్కడ వెయ్యరు అని అడిగాడు. పంట ఇంటికొచ్చాక పొలం వైపు రైతు నెలా రెండు నెలలు వెళ్లడు, మోటారు దిక్కులేకుండా ఉంటుంది, దొంగకి కావలసింది అదే. రాత్రి బీట్లని పంట కోతలని బట్టి మార్చాం. పదేళ్లుగా ఆ ఊళ్లలో తిరుగుతున్న నాకు ఆ సంగతి కళ్ల ముందే ఉండి కూడా తట్టలేదు.

దానికి పక్కన ఇంకొకాయన. కంప్యూటర్ ఇంజనీరు, ఉత్తరాది మనిషి, మొదట్లో తెలుగు రాదు. ఐపీఎస్ ట్రైనీలు కొంతకాలం స్టేషన్‌కి ఎస్‌హెచ్ఓగా, అంటే స్టేషన్ బాధ్యుడిగా, ఉండాలి కదా, చాలామంది దాన్ని మొక్కుబడిగా గడిపేస్తారు. ఈయన రోజూ పొద్దున్నే రోల్ కాల్‌కి వచ్చి, తర్వాత స్టేషన్ రాతపని చూసే రైటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. జనరల్ డైరీ తనే రాస్తానన్నాడు. వంకర అక్షరాలతో నలభై రోజులు తెలుగులో రాశాడు. సెంట్రీ మారిన టైము, వచ్చిన పిటిషన్లు, బందోబస్తుకి వెళ్లినవాళ్ల నంబర్లు, అన్నీ. నాకు తెలిసిన ఐపీఎస్‌లలో స్టేషన్‌ని అర్థం చేసుకున్న మనిషి ఆయనే. అది కంప్యూటర్ చదువు వల్ల రాలేదు, ఆ స్టూలు వల్ల వచ్చింది.

ఇప్పుడు పరిశోధకులు. జెన్నిఫర్ బ్రౌన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త వీళ్లని నాలుగు రకాలుగా విడగొట్టింది. మీ థీసిస్‌లో ఈ విభజన తప్పకుండా వాడుకోండి, గైడు గారి సందేహానికి ఇదే సరైన జవాబు. సర్వీసులో ఉంటూనే పరిశోధన చేసే పోలీసులు ఒక రకం. పోలీసు ఉద్యోగం వదిలి పరిశోధనలోకి వెళ్లినవాళ్లు రెండో రకం. పోలీసు శాఖలో పనిచేసే సివిలియన్ నిపుణులు మూడో రకం. ఏ సంబంధమూ లేని బయటివాళ్లు నాలుగో రకం.

నాలుగో రకంతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ భయం వాళ్లకి దారి ఉండదనే కదా. స్వతంత్ర భారత పోలీసు మీద మొదటి పెద్ద పుస్తకాల్లో ఒకటి 1969లో వచ్చింది. రాసిన డేవిడ్ బేలీ అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త, పోలీసు కాదు. హెర్మన్ గోల్డ్‌స్టైన్ కూడా అంతే, ఆయన పైన చెప్పిన విల్సన్‌కి షికాగోలో సహాయకుడిగా చేసి, విస్కాన్సిన్‌లో లా ప్రొఫెసర్ అయ్యాడు. పోలీసులు వచ్చిన ప్రతి కేసునీ విడివిడిగా చూడటం మాని, వాటి వెనకున్న సమస్యని పట్టుకోవాలని 1979లో రాశాడు. మా ఏఎస్పీ వేరుశెనగ పీకే కాలాన్ని బట్టి మోటార్ల దొంగతనాలు ఆపాడే, అచ్చం అదే. ఈ పేరు వినకుండానే ఆ పని చేశాం మేము.

రెండో రకానికి మన దేశం నుంచి మంచి ఉదాహరణ అరవింద్ వర్మ. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్, బీహార్‌లో ఐపీఎస్, తర్వాత కెనడాలో క్రిమినాలజీ పీహెచ్‌డీ, అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసర్. బ్రిటన్లో సైమన్ హోల్డవే పోలీసు సార్జెంటుగా ఉంటూ యూనివర్సిటీకి వెళ్లి సోషియాలజీ చదివి, తిరిగి డ్యూటీలో చేరి తన తోటివాళ్లనే గమనించి రాశాడు. వాళ్లకి చెప్పకుండా! అది న్యాయమేనా అని ఇప్పటికీ చర్చ ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మీ నాన్నగారి దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెప్తాను. పీటర్ మాస్కోస్‌ది ఎదురు దారి. హార్వర్డ్‌లో సోషియాలజీ పరిశోధన కోసం బాల్టిమోర్ పోలీసుల దగ్గరికి వెళ్లినవాడు చివరికి పోలీసుగానే చేరి, శిక్షణతో కలిపి 20 నెలలు ఉద్యోగం చేశాడు.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం వచ్చింది మాత్రం లోపలివాళ్లూ బయటివాళ్లూ చెయ్యి కలిపినప్పుడు. రాజస్థాన్‌లో జరిగింది చూడండి. ఐపీఎస్ అధికారి నీనా సింగ్, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు కలిసి 11 జిల్లాల్లో 162 స్టేషన్లలో ప్రయోగం చేశారు. కొన్నిచోట్ల బదిలీలు ఆపారు, కొన్నిచోట్ల డ్యూటీలు మార్చుకుంటూ వారానికో సెలవు ఇచ్చారు, కొన్నిచోట్ల ఊరివాళ్లని స్టేషన్‌లో కూర్చుని చూడమన్నారు, కొన్నిచోట్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. ఉత్తుత్తి ఫిర్యాదులతో మనుషులని పంపి కేసు రాస్తున్నారో లేదో కూడా పరీక్షించారు. శిక్షణ బాగా పనిచేసింది. బదిలీలు ఆపడం కూడా కొంత మేలు చేసింది. వారం సెలవు, ఊరివాళ్లు కూర్చోవడం నిలబడలేదు, ఎందుకంటే స్టేషన్ స్థాయిలో వాటిని సరిగ్గా అమలు చెయ్యలేదు. పై నుంచి వచ్చిన ఆర్డరు ఎస్‌హెచ్ఓ టేబుల్ దగ్గర ఎలా ఆగిపోతుందో 162 స్టేషన్ల మీద లెక్కకట్టి చూపించిన పని అది. నీనా సింగ్ తర్వాత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌కి మొదటి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కుల మీద చేసిన ప్రయోగం కూడా చదవండి, 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. డెస్కులో మహిళా సిబ్బంది ఉన్నచోట ఆడవాళ్లు పెట్టిన కేసులు ఎక్కువగా నమోదయ్యాయి. అది చేసినవాళ్లు ఆర్థికశాస్త్రం, రాజనీతి శాస్త్రం మనుషులు.

చూశారా, మన దేశం మీద జరిగిన ఈ పనులన్నిటిలో ఐపీఎస్‌లు ఉన్నారు, ప్రొఫెసర్లు ఉన్నారు. కానిస్టేబుల్ లేడు. స్టేషన్ రైటరు లేడు. వాళ్లని ప్రశ్నలడిగిన సర్వేలు ఉన్నాయి. కామన్ కాజ్, లోక్‌నీతి అనే సంస్థల వాళ్లు 2019 నివేదిక కోసం 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేలమంది పోలీసులని అడిగితే, సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నామన్నారు. ఆ అంకె అవసరమే. కానీ 14 గంటల్లో ఏం జరుగుతుందో, పదమూడో గంటలో ఒక ఆడమనిషి ఏడుస్తూ లోపలికి వస్తే ఆ పోలీసు ఆమెని ఎలా చూస్తాడో, ఎందుకు అలా చూస్తాడో రాసినవాళ్లు మన భాషలో నాకు కనిపించలేదు. మీ గైడు గారు చెప్పిన "ఐపీఎస్‌లూ, ఫారిన్ వాళ్లూ" అన్న మాటలో నిజం ఇంతవరకే. అది మీకు అడ్డంకి కాదు, ఖాళీగా ఉన్న చోటు.

ఒక సంఘటన చెప్తాను. ట్రైనింగ్ కాలేజీలో ఉండగా ఒక యూనివర్సిటీ అమ్మాయి అనుమతి పత్రంతో వచ్చింది. నాకు తెలిసిన ఒక స్టేషన్‌కి పంపించాను. నాలుగు పేజీల ప్రశ్నపత్రం, అన్నిటికీ టిక్కులు. సాయంత్రానికి 22 మంది నింపి ఇచ్చారు. "ఉద్యోగ సంతృప్తి" దగ్గర 22 మందీ "చాలా తృప్తి". ఆమె సంతోషంగా వచ్చి నాకు చూపించింది. నేను, "అమ్మా, ఈ కాగితాలు పక్కన పెట్టండి, వెళ్లి రైటరు పక్కన మూడు రోజులు ఊరికే కూర్చోండి, ఏమీ అడక్కండి" అన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడట, మేకలు పోయాయని. రైటరు తెల్లకాగితం మీద ఫిర్యాదు రాయించుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, పిటిషన్ రిజిస్టర్లో నంబరు వేసి, మిగతా కాగితాలతో పాటు ట్యాగు కట్టాడు. ఎఫ్ఐఆర్ వెయ్యలేదు. ఈ అమ్మాయి ఏమీ అనలేదు. టీ తెచ్చాక రైటరే అన్నాడట: "కేసు కడితే దర్యాప్తుకి ఎస్సై గారు కావాలి, ఆయన వీఐపీ బందోబస్తులో ఉన్నారు. దొరక్కపోతే నెలాఖరు మీటింగులో పెండింగ్ కింద చూపిస్తారు. రేపు సంతలో మావాళ్లు చూస్తారు, దొరికితే దొరికాయి." అప్పటిదాకా ఆమె దగ్గరున్న నాలుగు పేజీల్లో ఈ సంగతి పట్టే గడి ఒక్కటీ లేదు. ఆమె థీసిస్ తర్వాత పూర్తిగా ఆ పిటిషన్ రిజిస్టర్ చుట్టూనే తిరిగింది. రైటరు చేసింది తప్పే, దొంగతనం లాంటి, వారంటు లేకుండా అరెస్టు చెయ్యగల నేరం సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో ఆ మాట స్పష్టంగా చెప్పింది. కానీ ఆ తప్పు ఎలా పుడుతుందో తెలియాలంటే ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.

అందుకే నమోదైన నేరాల అంకెలని జరిగిన నేరాలుగా చదవకండి. దేశంలో నమోదైన నేరాల ఏటి లెక్కలిచ్చే ప్రభుత్వ నివేదిక క్రైమ్ ఇన్ ఇండియా 1953 నుంచి వస్తోంది, మంచి వనరే. కానీ నేను ఎస్‌హెచ్ఓగా ఒక స్టేషన్‌కి వెళ్లి వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ కేసు కడితే ఆ ఏడు మా దొంగతనాలు దాదాపు రెట్టింపు కనిపించాయి. దొంగలు పెరగలేదు. మీటింగులో నన్ను నిలబెట్టి అడిగిన పైఅధికారికి ఆ మాట చెప్పి ఒప్పించడానికి చాలా కష్టపడ్డాను, ఒప్పుకోలేదు కూడా. ఆ రోజు బాధ ఇప్పటికీ ఉంది.

ఇక మీ పనికి పనికొచ్చే విషయాలు.

అనుమతి డీజీపీ ఆఫీసు నుంచే రావాలనుకోకండి. యూనివర్సిటీ లెటర్‌తో జిల్లా ఎస్పీనో, కమిషనర్‌నో కలవండి. "పోలీసుల పనితీరు" అని రాస్తే భయపడతారు, "స్టేషన్‌లో పిటిషన్ల నిర్వహణ" అని నిర్దిష్టంగా రాస్తే వింటారు. ఏ రిజిస్టర్లు చూడాలో పేర్లతో రాయండి. పెండింగ్ కేసుల సీడీ ఫైళ్లు, అంటే దర్యాప్తు రాసుకునే కేస్ డైరీలు, అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. తీర్పు వచ్చిన కేసుల కాగితాలు కోర్టు నుంచి దొరుకుతాయి. స్టేషన్ మొహం చూడకుండానే ఒక అధ్యాయం రాయగలిగినన్ని తీర్పులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఢిల్లీలో 1970లో కేంద్రం పెట్టిన పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ బీపీఆర్‌డీ పోలీసు సంబంధమైన అంశాల మీద డాక్టరల్ ఫెలోషిప్‌లు ఇస్తుంది, ప్రకటన కోసం వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. మీ గైడు గారికి ఆ ప్రకటన చూపిస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది.

పోలీసు సంస్కరణల చరిత్ర పక్కన పెట్టొద్దు. 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషన్‌కి అధ్యక్షుడు ధర్మవీర పాత ఐసీఎస్, కార్యదర్శి సి.వి.నరసింహన్ పోలీసు అధికారి. ఎనిమిది నివేదికలు ఇచ్చారు. వాటిని అమలు చెయ్యాలని 1996లో సుప్రీంకోర్టుకి వెళ్లింది రిటైరైన డీజీపీ ప్రకాశ్ సింగ్. తీర్పు 2006 సెప్టెంబరు 22న వచ్చింది. కనీసం మొదటి నివేదిక చదవండి, కానిస్టేబుళ్ల బతుకు గురించి అప్పుడే గట్టిగా రాశారు.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. అందరికంటే ముందు ఆయన్నే అడగాలనిపిస్తుంది మీకు. అడగండి, కానీ ఆయన స్టేషన్‌ని మీ పరిశోధన స్థలంగా పెట్టుకోవద్దు. హోల్డవే పేరు గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆయన తన ఉద్యోగాన్ని పణంగా పెట్టాడు, మీరు పెట్టేది మీ నాన్నగారి ఉద్యోగం. పోలీసు సిబ్బంది అనుమతి లేకుండా పుస్తకాలు, వ్యాసాలు ప్రచురించకుండా 1966 చట్టం ఒకటి ఉంది. పూర్తిగా సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన రచనలకి అందులోనే మినహాయింపు ఉంది. అయినా సర్వీసు రూల్స్ వేరే ఉంటాయి, చార్జి మెమో ఇచ్చేవాడు మినహాయింపు చదివి ఇవ్వడు. మీరు పోలీసు కాదు కాబట్టి ఆ చట్టం మీకు తగలదు. ఆయనకి తగులుతుంది. కాబట్టి ఇంకో జిల్లా ఎంచుకోండి, ఎవరి పేర్లూ, స్టేషన్ పేర్లూ రాయొద్దు, హోదా కూడా అవసరమైతేనే రాయండి. చిన్న స్టేషన్‌లో "ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్" అంటే పేరు చెప్పినట్టే.

నాన్నగారి దగ్గర తీసుకోవలసింది వేరే ఉంది, భాష. "కేసు కట్టడం", "పాస్‌పోర్టు" డ్యూటీ, "పిటిషన్ క్లోజ్", "అటాచ్‌మెంట్", ఇవి స్టేషన్‌లో ఏ అర్థంతో వాడతారో ఆయన చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. ఆయన సర్వీసు మొత్తంలో ఎన్ని స్టేషన్లు మారారో, ఒక్కోచోట ఎన్నాళ్లో, అక్కడ రైటరు ఎవరో ఒక కాగితం మీద రాయించుకోండి. మీరు వెళ్లే కొత్త జిల్లాలో ఎవరైనా, "మీకేం తెలుసమ్మా స్టేషన్ గురించి" అంటే, ఆ కాగితంలోని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మాట కలుస్తుంది.

సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, రాశాక ఇక్కడే పెట్టండి. రిజిస్టర్ల పేర్లు, ఎక్కడ ఏది దొరుకుతుందో నేను సరిచూసి చెప్తాను.